పొడి చెత్తకు డబ్బు ఇస్తే జనం వేరు చేస్తారా?

ప్రశ్న: మాది 120 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. నేను అసోసియేషన్ సెక్రటరీని. తడి చెత్త, పొడి చెత్త వేరు చేయమని రెండేళ్ళుగా చెబుతున్నాం. సగం ఇళ్ళు కూడా చేయడం లేదు. వేరు చేసిన ఇంటికి నెలకు మెయింటెనెన్స్‌లో 100 రూపాయలు తగ్గిద్దామని కమిటీలో ఒకరు అన్నారు. డబ్బు వస్తుందంటే జనం మారతారా? వేరే ఊళ్ళలో, వేరే దేశాల్లో ఏం చేశారు?

సమాధానం:

ఈ పనిలో నాకు 20 ఏళ్ళు దాటాయి. మొదట పాత సామాన్ల గోడౌన్‌లో లెక్కలు రాశాను. తర్వాత మున్సిపాలిటీల్లో పొడి చెత్త సేకరణ కేంద్రాలు పెట్టించే పనిలో ఉన్నాను. ఇప్పుడు మీలాంటి అపార్ట్‌మెంట్లకు, కాలనీలకు ఈ ఏర్పాట్లు చేసిపెడుతున్నాను. మీరు అడిగిన తగ్గింపు పద్ధతికి దగ్గరి బంధువు లాంటిది ఒకటి నేనే నడిపాను, అది ఎలా ముగిసిందో కింద చెబుతాను. ముందుగా నా మాట: 100 రూపాయల తగ్గింపు పెట్టకండి. డబ్బు ఈ విషయంలో చాలా బాగా పనిచేస్తుంది, అందులో నాకు అనుమానం లేదు. అయితే ఆ డబ్బు ఏ రూపంలో ఉంది, ఎవరి చేతికి వెళుతోంది అన్నదాన్ని బట్టి ఫలితం పూర్తిగా మారిపోతుంది.

మన ఇళ్ళలోనే చూడండి. ఖాళీ గ్యాస్ సిలిండర్‌ని చెత్తలో పారేసిన ఇల్లు నేను ఇంతవరకు చూడలేదు. 20 లీటర్ల వాటర్ క్యాన్‌ని గుమ్మం పక్కన జాగ్రత్తగా పెట్టుకుంటాం, ఎందుకంటే దానికి డిపాజిట్ కట్టాం, పోతే మళ్ళీ కట్టాలి. ఇన్వర్టర్ బ్యాటరీ పాడైతే షాపతను రెండు రేట్లు చెబుతాడు, పాతది ఇస్తే ఒకటి, ఇవ్వకపోతే ఒకటి. ఆ తేడా వేలల్లో ఉంటుంది కాబట్టి, అంత బరువున్న బ్యాటరీని కూడా ఇద్దరు మనుషులు పట్టుకుని ఆటో ఎక్కించి మరీ షాపుకి చేరుస్తారు. వీటి కోసం ఎవరూ అవగాహన సదస్సులు పెట్టలేదు, గోడల మీద నినాదాలు రాయలేదు.

నా చిన్నప్పుడు కూల్ డ్రింక్ గాజు సీసాని ఇంటికి తీసుకెళ్ళాలంటే కొట్టతను సీసా డబ్బులు విడిగా పట్టుకునేవాడు. చుట్టాలు వచ్చి వెళ్ళాక సీసాలు తిరిగి ఎవరు ఇచ్చి రావాలన్న దాని మీద మా ఇంట్లో పిల్లలందరం కొట్టుకునేవాళ్ళం. తిరిగి వచ్చే చిల్లర, తీసుకెళ్ళిన వాళ్ళదే అని అమ్మ పెట్టిన పద్ధతి. ఒక్క సీసా కూడా ఇంటి వెనక పడి ఉండేది కాదు. ఆ సీసాల స్థానంలో ప్లాస్టిక్ సీసాలు వచ్చాయి, డిపాజిట్ పోయింది. ఇప్పుడవి ఏ కాలవలో చూసినా తేలుతున్నాయి.

సిలిండర్, క్యాన్, సీసా, ఈ మూడింట్లోనూ కొత్తగా ఎవరూ మనకి బహుమతి ఇవ్వలేదు. మన డబ్బే వాళ్ళ దగ్గర ఉంది, వస్తువు వెనక్కి ఇస్తేనే అది మన చేతికి వస్తుంది. మనిషికి వచ్చే రూపాయి మీద కన్నా పోయే రూపాయి మీద ధ్యాస ఎక్కువ. దీన్ని లెక్కలతో చూపించిన పరిశోధన ఒకటి ఉంది. అమెరికాలో టటియానా హోమనాఫ్ అనే ఆర్థికవేత్త వాషింగ్టన్ చుట్టుపక్కల షాపుల్లో క్యారీ బ్యాగుల వాడకాన్ని గమనించారు. కొన్ని షాపులు సొంత సంచి తెచ్చుకున్నవాళ్ళకి 5 సెంట్లు బోనస్ ఇచ్చేవి. దాని ప్రభావం దాదాపు సున్నా. తర్వాత అక్కడి ప్రభుత్వాలు ఒక్కో బ్యాగుకి అదే 5 సెంట్లు పన్నుగా వసూలు చేయడం మొదలుపెట్టాయి. అంతకుముందు నూటికి 80 మందికి పైగా షాపు బ్యాగులు తీసుకునేవాళ్ళు, పన్ను వచ్చాక అందులో 40 మందికి పైగా మానేశారు. మొత్తం అదే 5 సెంట్లు. ఇస్తామంటే ఎవరూ కదల్లేదు, తీసుకుంటామంటే ఇంటి నుంచి సంచి తెచ్చుకున్నారు. మీ కమిటీ మీటింగ్‌లో ఈ ఒక్క సంగతి చెప్పినా చాలు.

జర్మనీలో చదువుకుంటున్న మన పిల్లలు మీకు తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటే అడిగి చూడండి. అక్కడికి వెళ్ళిన మొదటి వారంలోనే నేర్చుకునే మాటల్లో ‘ప్ఫాండ్’ ఒకటి, అంటే డిపాజిట్. వాడిపారేసే ప్లాస్టిక్ సీసాలకి, డబ్బాలకి 2003 నుంచి అక్కడ డిపాజిట్ తప్పనిసరి. ఒక్కోదానికి 25 సెంట్లు, మన లెక్కలో 20 రూపాయలకు పైమాటే. సూపర్‌మార్కెట్‌లో మెషీన్ ఉంటుంది, సీసా పెడితే చీటీ వస్తుంది, ఆ చీటీ బిల్లులో తగ్గిస్తారు. 98 శాతం దాకా సీసాలు వెనక్కి వస్తాయి. నాకు బాగా నచ్చింది మాత్రం ఇంకోటి. తీరిక లేనివాళ్ళు, ఆ చిల్లర అక్కరలేనివాళ్ళు సీసాని చెత్తబుట్ట లోపల వేయకుండా పక్కన నిలబెట్టి వెళతారు. ఏరుకుని బతికేవాళ్ళు చెత్తలో చెయ్యి పెట్టకుండా తీసుకుంటారని.

డిపాజిట్ పెడితే చాలదు, ఆ మొత్తానికి విలువ నిలబడాలి. అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రం 1971లోనే సీసాలకి 5 సెంట్ల డిపాజిట్ చట్టం చేసింది. అప్పట్లో 5 సెంట్లు అంటే మాటలు కాదు. 40 ఏళ్ళకు పైగా దాన్ని మార్చలేదు. ధరలన్నీ పెరిగాయి, ఆ 5 సెంట్లు మాత్రం అలాగే ఉన్నాయి. 2016 నాటికి తిరిగి వచ్చే సీసాలు 64 శాతానికి పడిపోయాయి. 2017 ఏప్రిల్‌లో 10 సెంట్లు చేశారు, రెండేళ్ళలో మళ్ళీ 80 శాతం దాటింది. జనం మనసు మారిపోయిందని, బాధ్యత తగ్గిందని అక్కడ కూడా అనుకునే ఉంటారు. మారింది నాణెం విలువ.

మన దగ్గరా జరుగుతోంది. నీలగిరి కొండల్లో తాగేసి పారేసిన మద్యం సీసాల గాజుపెంకులు ఏనుగుల కాళ్ళకి గుచ్చుకుంటున్నాయని మద్రాసు హైకోర్టు కలగజేసుకుంది. 2022 మేలో అక్కడి ప్రభుత్వ మద్యం దుకాణాల్లో సీసాకి 10 రూపాయలు ఎక్కువ తీసుకుని, సీసా తెచ్చిస్తే వెనక్కి ఇవ్వడం మొదలైంది. అమ్మిన సీసాల్లో అత్యధిక భాగం తిరిగి వచ్చింది, తర్వాత వేరే జిల్లాలకూ విస్తరించారు. తాగేవాళ్ళే తిరిగి ఇచ్చారని కాదు. రోడ్డు పక్కన పడేసిన సీసాలో 10 రూపాయలు ఉన్నాయని తెలిశాక ఎవరో ఒకరు తెచ్చి ఇచ్చారు. అయితే ఖాళీ సీసాలు పెట్టుకోవడానికి చోటు లేదని, లెక్కపెట్టడానికి మనుషులు లేరని దుకాణాల సిబ్బంది గట్టిగా అభ్యంతరం చెప్పారు. వాళ్ళ బాధలో న్యాయం ఉంది. వెనక్కి తీసుకునే మనిషి శ్రమకి కూడా లెక్క కట్టని పథకం ఎక్కువ రోజులు నిలబడదు.

అదే 2022లో కేదార్‌నాథ్ యాత్రలో నీళ్ళ సీసాల మీద క్యూఆర్ కోడ్ అంటించి 10 రూపాయల డిపాజిట్ పెట్టారు. దాన్ని నడిపింది మన హైదరాబాద్‌ సంస్థ రీసైకల్. మన తిరుమల కొండ మీద ప్లాస్టిక్ సీసాలు ఆపేశాక, గాజు సీసాలో నీళ్ళు అమ్మి, సీసా తిరిగి ఇచ్చినవాళ్ళకి డిపాజిట్ ఇచ్చేస్తున్నారు. కొండలు, యాత్రా స్థలాల్లో ఇది ఎందుకు బాగా కుదురుతుందంటే, లోపలికి వెళ్ళే దారి, బయటికి వచ్చే దారి ఒకటే. కొన్నవాడు మళ్ళీ అదే కొట్టు ముందు నుంచి దిగి రావాలి.

ఇప్పుడు నా సంగతి. పదేళ్ళ కిందట ఒక పట్టణంలో సుమారు 300 ఇళ్ళ కాలనీలో కూపన్ల పథకం నడిపాం. పొడి చెత్త తెచ్చి కాటా వేయిస్తే కిలోకి ఇన్ని పాయింట్లు, పాయింట్లకి కూపన్లు, కూపన్లకి వీధి చివర కిరాణా కొట్లో సరుకులు. మొదటి నెల మా కేంద్రం ముందు క్యూ కట్టారు. ఫొటోలు తీసుకున్నాం, పేపర్లో వచ్చింది. రెండో నెలలో ఒక కుర్రాడు ఐదు గోతాల నీళ్ళ సీసాలు మోసుకొచ్చాడు. పక్క వీధి ఫంక్షన్ హాలువి. కాదనడానికి మా దగ్గర నియమం లేదు. మూడో నెలలో పుస్తకం తిరగేస్తే రెండు ఇళ్ళ నుంచి నెలకి క్వింటాలుకు పైగా అట్టపెట్టెలు వస్తున్నాయి. మేం ఇచ్చే పాయింట్ల విలువ బజారు రేటు కన్నా కాస్త ఎక్కువ. పాత సామాన్ల వ్యాపారి ఒకాయన తన సరుకు ఆ ఇళ్ళ పేరు మీద మా దగ్గర కాటా వేయిస్తున్నాడు. ఆయన్ని తప్పు పట్టలేను, పథకాన్ని అలా రాసింది మేము.

నాలుగో నెలలో డబ్బు ఇచ్చే సంస్థ నుంచి చెల్లింపు ఆలస్యమైంది. కిరాణా కొట్టతను కూపన్లు తీసుకోవడం ఆపేశాడు. ఒక రోజు సాయంత్రం కేంద్రం మూసే వేళకి ఒక పెద్దావిడ వచ్చింది. కొంగు ముడి విప్పి 14 కూపన్లు బల్ల మీద పరిచింది. ఒక్కోటి నాలుగు మడతలు పెట్టి దాచుకుంది. ‘‘పండక్కి నూనె తీసుకుందామని దాచాను నాయనా, వాడు చెల్లవంటున్నాడు’’ అంది. నా జేబులో నుంచి డబ్బు తీసి ఇచ్చాను. కానీ మిగతా ఇళ్ళకి ఇవ్వలేకపోయాను. పథకం ఆరో నెలలో ఆగిపోయింది. ఆ తర్వాత కాలనీలో ఇల్లిల్లూ తిరిగి అడిగాను. పథకం రాకముందు నుంచే, ఎవరూ చెప్పకుండానే చెత్త వేరు చేస్తున్న ఇళ్ళు కొన్ని ఉండేవి. అవి కూడా మానేశాయి. ‘‘డబ్బులు ఆపేశారుగా, ఇంక ఊరికే ఎందుకు చేయాలి’’ అన్నారు. అంతవరకు అది వాళ్ళ ఇంటి అలవాటు. మేం వెళ్ళి దాన్ని కూలి పనిగా మార్చి, కూలి ఎగ్గొట్టాం. ఈ పనిలో నేను చేసిన తప్పుల్లో నన్ను ఇప్పటికీ బాధపెట్టేది ఇదే.

ఇందుకే బియ్యం ఇచ్చే పథకాల గురించి ఎవరైనా అడిగితే నేను ఒక షరతుతో మెచ్చుకుంటాను. ములుగు జిల్లాలో 2019లో కిలో ప్లాస్టిక్ తెస్తే కిలో బియ్యం ఇచ్చారు. అదే ఏడాది ఛత్తీస్‌గఢ్‌లోని అంబికాపూర్‌లో కిలో ప్లాస్టిక్‌కి భోజనం పెట్టే కెఫే తెరిచారు. ఏళ్ళ తరబడి పేరుకున్న ప్లాస్టిక్‌ని ఒక్కసారి ఏరి బయటికి తేవడానికి ఇవి చాలా బాగా పనికొస్తాయి. పేదవాడి చేతికి నేరుగా అందుతుంది, అది ఇంకా మంచిది. రోజూ ఇంట్లో పుట్టే చెత్తకి మాత్రం ఇది మందు కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2025లో మొదలైన స్వచ్ఛ రథాలు పాత సామాను తీసుకుని బదులుగా సరుకులు ఇస్తున్నాయి. ఇది మనకి కొత్త కాదు. పాత ఇనుముకి ఉల్లిపాయలు, పాత బట్టలకి స్టీలు గిన్నెలు, రాలిన వెంట్రుకలకి కూడా సామాన్లు ఇచ్చిన బండ్లు మన వీధుల్లో తిరిగాయి. ఆ బండ్లు అన్నేళ్ళు ఎందుకు నడిచాయి? ఇచ్చేవాడికి తెచ్చిన సరుకు మీద నిజంగా లాభం ఉంది కాబట్టి. గ్రాంటు డబ్బు మీద ఆధారపడలేదు. మీరు పెట్టే పద్ధతికి కూడా ఇదే పరీక్ష పెట్టండి.

మీ అపార్ట్‌మెంట్‌కి వస్తాను. 120 ఇళ్ళకి 100 చొప్పున నెలకి 12,000. ఆ డబ్బు ఎక్కడిది? మెయింటెనెన్స్‌లోదే. అంటే ఒక జేబులో నుంచి తీసి ఇంకో జేబులో పెడుతున్నారు, రెండో నెలకే అందరికీ అది అర్థమవుతుంది. పొడి చెత్త అమ్మితే వస్తుందిలే అనుకుంటే, ఆ లెక్క కూడా చెబుతాను. లీటరు నీళ్ళ సీసా 20 గ్రాముల పైన తూగుతుంది. కిలోకి 40కి పైగా సీసాలు కావాలి. పాత సామాన్ల కొట్లో ఎంత మంచి రేటు పలికినా ఒక్కో సీసాకి రూపాయి రాదు. పాల ప్యాకెట్లయితే కిలోకి మూడు నాలుగు వందలు ఉండాలి. పేపర్లు, ఇనుము లాంటి ధర పలికే సరుకు ఇళ్ళవాళ్ళు ఎలాగూ నేరుగా అమ్ముకుంటారు. మీ చేతికి మిగిలేది తేలికైనది, చవకైనది. దాని మీద నెలకి 12,000 రావు.

దీనికన్నా పెద్ద చిక్కు ఇంకోటి ఉంది. ఏ ఇల్లు వేరు చేసిందో తేల్చేది ఎవరు? కమిటీ సభ్యులు పొద్దున్నే బుట్టలు తెరిచి చూడరు. ఆ పని హౌస్ కీపింగ్ ఆవిడ మీద పడుతుంది. ఆమె 502 నంబరు ఫ్లాట్ ముందు బుట్ట తీస్తుంది. అన్నం మెతుకులు, చిన్నపిల్లల డైపరు, బిస్కెట్ ప్యాకెట్ల అట్ట అన్నీ కలిసి ఉన్నాయి. రిజిస్టర్‌లో తప్పు గుర్తు పెట్టాలి. కానీ అదే 502లో పది గంటలకి ఆమె గిన్నెలు తోముతుంది. పోయిన నెల పిల్లాడి ఫీజుకి అక్కడే అడ్వాన్సు తీసుకుంది. ఆమె ఏ గుర్తు పెడుతుంది? మూడు నెలల్లో మీ రిజిస్టర్‌లో 120 ఇళ్ళకీ టిక్కులే ఉంటాయి. ఆమెని ఇలాంటి ఇబ్బందిలో పెట్టడం న్యాయం కాదు.

జరిమానా పెడితే? అదీ నేను వద్దంటాను, మీలాంటి చోట. ఇజ్రాయెల్‌లోని హైఫా నగరంలో పిల్లల్ని చూసుకునే కేంద్రాల్లో ఒక ప్రయోగం చేశారు. సాయంత్రం పిల్లల్ని తీసుకెళ్ళడానికి ఆలస్యంగా వచ్చే తల్లిదండ్రులకి చిన్న జరిమానా పెట్టారు. ఆలస్యాలు తగ్గకపోగా పెరిగాయి. జరిమానా తీసేసినా తగ్గలేదు. అంతవరకు టీచరుని కాచుకునేలా చేశామే అని మొహమాటపడినవాళ్ళు, డబ్బు కడుతున్నాం కదా అని నిశ్చింతగా వచ్చారు. మీ దగ్గర 100 రూపాయల జరిమానా పెడితే నెలకి 100 కట్టి కలిపిపారేసే హక్కు కొనుక్కునే ఇళ్ళు కనీసం ముప్పై నలభై ఉంటాయని నా అంచనా.

పారేసే చెత్త ఎంతుంటే అంత డబ్బు కట్టించే పద్ధతి నగరాల స్థాయిలో పనిచేసింది. దక్షిణ కొరియాలో 1995 నుంచి చెత్తని ప్రభుత్వం అమ్మే సంచుల్లోనే వేయాలి, సంచి కొనాలి. రీసైకిల్ అయ్యే సరుకు ఊరికే తీసుకుంటారు. కాబట్టి ఎంత వేరు చేస్తే అంత సంచి ఖర్చు మిగులుతుంది. మన దగ్గర ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో 2021 నుంచి వసూలు చేసిన చెత్త పన్నుకీ దీనికీ తేడా ఇక్కడే ఉంది. వేరు చేసిన ఇంటికీ అదే మొత్తం, కలిపి పారేసిన ఇంటికీ అదే మొత్తం. అందులో వేరు చేయమనే ప్రోత్సాహం ఎక్కడా లేదు. జనం దాన్ని భారంగానే చూశారు, 2024 అక్టోబరు 2న దాన్ని ఎత్తేస్తున్నట్టు ప్రభుత్వం ప్రకటించింది. సంచి లెక్కకి కూడా ఒక లోపం ఉంది. అమెరికాలో షార్లట్స్‌విల్ అనే చిన్న ఊళ్ళో 1992లో సంచికి 80 సెంట్లు పెట్టారు. ఇద్దరు ఆర్థికవేత్తలు కొన్ని ఇళ్ళ చెత్తని అంతకుముందు, ఆ తర్వాత తూకం వేసి చూశారు. సంచుల సంఖ్య 37 శాతం తగ్గింది, బరువు మాత్రం 14 శాతమే తగ్గింది. ఒక్కో సంచిలో కుక్కి కుక్కి తొక్కారన్నమాట. తగ్గిన ఆ కాస్త బరువులో కూడా కొంత దొంగతనంగా వేరే చోట పారేసిందని వాళ్ళ అంచనా. మన ఊళ్ళలో ఖాళీ స్థలం, మూల మలుపు, కాలవ గట్టు లేని వీధి ఉండదు. చెత్త మోయడానికి డబ్బు అడిగితే ముందు నిండేవి అవే.

మరి ఏం చేయాలి? నేను మూడు అపార్ట్‌మెంట్లలో పెట్టించి, ఇప్పటికీ నడుస్తున్న పద్ధతి చెబుతాను.

పొడి చెత్త అమ్మిన డబ్బంతా హౌస్ కీపింగ్ వాళ్ళదే అని కమిటీలో తీర్మానం చేయండి. పూర్తిగా వాళ్ళదే, అసోసియేషన్ ఖాతాలోకి ఒక్క రూపాయి రాకూడదు. ఇళ్ళకి ఇద్దామనుకున్న 12,000లో ఒక మూడు నాలుగు వేలు దానికి కలపండి. పుణెలో చెత్త ఏరుకునేవాళ్ళు సొంతంగా నడుపుకునే స్వచ్ఛ్ అనే సహకార సంఘం ఉంది. ఇంటింటికీ వెళ్ళి చెత్త తీసుకుంటారు, ఇళ్ళవాళ్ళు నెలకింత రుసుము ఇస్తారు, పొడి చెత్త అమ్ముకునే హక్కు వాళ్ళదే. వేరు చేసిన సరుకు మీద బతికే మనిషి వచ్చి గుమ్మంలో నిలబడి ‘‘అమ్మా, కొంచెం విడిగా ఇవ్వండి, తడిస్తే కొట్లో తీసుకోరు’’ అని అడిగితే, ఆ మాటకున్న బలం కమిటీ సర్క్యులర్‌కి ఉండదు. 100 రూపాయలకి కదలని ఇల్లు తెలిసిన మనిషి అడిగితే కదులుతుంది. ఇది నేను మళ్ళీ మళ్ళీ చూశాను. ఒక అపార్ట్‌మెంట్‌లో ఒకావిడ పాల ప్యాకెట్ కోసే పద్ధతి కూడా ఇంటింటికీ నేర్పింది. మూల ముక్క పూర్తిగా తెగకుండా కొద్దిగా కోయాలి, పాలు వంచాక అందులోనే కొంచెం నీళ్ళు పోసి కుదిపి ఆ నీళ్ళు మొక్కకి పోయాలి, తర్వాత సింకు పైన కొక్కేనికి తగిలించాలి. సాయంత్రానికి ఆరిపోతుంది, వాసన ఉండదు. ఇప్పుడు ఆ బిల్డింగ్‌లో వంటింటి కిటికీలన్నిట్లో పాల ప్యాకెట్లు వేలాడుతుంటాయి.

ఇళ్ళతో పెట్టే డబ్బు లెక్క డిపాజిట్ రూపంలోనే ఉండాలి, అదీ తేలిగ్గా చూసి తేల్చగలిగే చోటే. మీ కమ్యూనిటీ హాల్ బుకింగ్‌కి ఎలాగూ కాషన్ డిపాజిట్ తీసుకుంటారు కదా. ఆ మొత్తాన్ని పెంచి, ఫంక్షన్ అయ్యాక విస్తళ్ళు, తిండి ఒక వైపు, సీసాలు, గ్లాసులు ఇంకో వైపు పెట్టించి అప్పగిస్తేనే పూర్తిగా వెనక్కి ఇవ్వండి. ఒక్క పుట్టినరోజు ఫంక్షన్‌లో పుట్టే సీసాలు ఒక అంతస్తు నెల మొత్తం వాడిన వాటికన్నా ఎక్కువ ఉంటాయి. అలాగే ఇల్లు ఖాళీ చేసి వెళ్ళేవాళ్ళు సెల్లార్‌లో వదిలే పరుపులు, విరిగిన కుర్చీలు. దానికి షిఫ్టింగ్ డిపాజిట్ పెట్టండి, లారీ గేటు దాటే ముందు సెల్లార్ చూసి వెనక్కి ఇచ్చేయండి. ఈ రెండు చోట్లా వేలల్లో డబ్బు ఆగి ఉంటుంది, చూడగానే తేలిపోతుంది, ఎవరూ ఎవరి బుట్టలోకీ తొంగి చూడాల్సిన పని లేదు.

రోజువారీ చెత్తకి డబ్బు లెక్క అసలు వద్దు. తడి చెత్త రోజూ తీసుకోండి, పొడి చెత్త బుధ, శనివారాలు మాత్రమే తీసుకోండి. డైపర్లు, శానిటరీ ప్యాడ్లు పేపర్లో చుట్టి విడిగా ఇవ్వాలి, వాటిని చేతితో ఏరించకండి. కలిపి ఇచ్చిన సంచిని గొడవ పెట్టుకోకుండా గుమ్మం పక్కనే వదిలేయమని హౌస్ కీపింగ్ వాళ్ళకి లిఖితపూర్వకంగా చెప్పండి, కింద మీ సంతకం పెట్టండి. అలా వదిలేయడం ఆమె సొంత నిర్ణయం కాదని 502 వాళ్ళకి కూడా తెలియాలి.

చిప్స్ ప్యాకెట్లు, షాంపూ సాషేల లాంటివాటికి పాత సామాన్ల కొట్లో ధర ఉండదు. ప్లాస్టిక్, అల్యూమినియం పొరలు కలిసిపోయి ఉంటాయి, విడదీయడం గిట్టదు. వాటికి సిమెంటు ఫ్యాక్టరీల బట్టీల్లో ఇంధనంగా వెళ్ళడమే ప్రస్తుతం ఎక్కువగా ఉన్న దారి. వీటి విషయంలో ప్రోత్సాహకం పెట్టాల్సింది ఇంటివాళ్ళకి కాదు, తయారు చేసే కంపెనీకి. నార్వేలో సీసాల మీద కంపెనీలు పర్యావరణ పన్ను కట్టాలి, వెనక్కి వచ్చే సీసాల శాతం పెరిగేకొద్దీ పన్ను తగ్గుతుంది, 95 శాతం దాటితే పన్నే ఉండదు. అందుకే సీసాలు వెనక్కి రప్పించే బాధ్యత అక్కడి కంపెనీలు తమ నెత్తిన వేసుకున్నాయి. మన దగ్గర కూడా ప్లాస్టిక్ ప్యాకింగ్ చేసే కంపెనీల మీద తిరిగి సేకరించే బాధ్యత ఉంది. మీ ఊళ్ళో వాళ్ళ తరఫున సేకరించే సంస్థ ఏదైనా ఉంటే, ఆ ప్యాకెట్లని విడిగా ఒక గోతంలో వేసి వాళ్ళకే ఇవ్వండి.

కొనే వ్యాపారితో రాతపూర్వకంగా మాట్లాడుకోండి. రేట్లు పడిపోతాయి, అది తప్పదు. 2020లో చమురు ధర పడిపోయినప్పుడు కొత్త ప్లాస్టిక్ పాత ప్లాస్టిక్ కన్నా చవకైంది. నాకు తెలిసిన గోడౌన్లలో పాత ప్లాస్టిక్‌ని నొక్కి కట్టిన బేళ్ళు పైకప్పు దాకా పేరుకుపోయాయి, కొనేవాడు లేడు. అలాంటి నెలలో హౌస్ కీపింగ్ వాళ్ళ ఆదాయం సగానికి పడకుండా ఆదుకోవడానికే మీరు కలిపే ఆ మూడు నాలుగు వేలు. అమ్మకం బాగున్న నెలలో దాన్ని తగ్గించకండి. తగ్గిస్తే ఎక్కువ సరుకు ఏరినందుకు వాళ్ళకి మిగిలేది ఏమీ ఉండదు.

కొక్కెం కాటా ఒకటి కొనండి, చాలా చవక. సెల్లార్‌లో నాలుగు గోతాలు కొయ్యలకి తగిలించండి, అట్టకి ఒకటి, గట్టి ప్లాస్టిక్‌కి ఒకటి, కవర్లకి ఒకటి, గాజు, ఇనుముకి ఒకటి. చేతి గ్లోవ్స్ రెండు నెలలకోసారి కొత్తవి ఇవ్వండి. అమ్మిన రోజు ఎన్ని కిలోలు, ఎన్ని రూపాయలు, ఎవరెవరికి ఎంత అన్నది లిఫ్ట్ పక్కన బోర్డు మీద రాయించండి. ఇళ్ళ నంబర్లు రాయకండి, గొడవలు వస్తాయి. మొదటి నాలుగు శనివారాలు మీరు కాటా దగ్గర నిలబడి చూడండి, తూకం రాసే పుస్తకం మాత్రం వాళ్ళ చేతిలోనే ఉండనివ్వండి. రెండు నెలలయ్యాక ఏ అంతస్తులో పని జరగడం లేదో వాళ్ళనే అడగండి, ఆ లెక్క పట్టుకుని మళ్ళీ నాకు రాయండి. అక్కడి నుంచి ఏం చేయాలో అప్పుడు మాట్లాడుకుందాం.